కొలత లేని డ్రెయిన్

కోడూరు దగ్గర ఆ డ్రెయిన్‌లో ఎంత నీరు పారుతుందో ఇంతవరకు ఎవరూ కొలిచిన పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం అందరికీ ఆ లెక్క కావాలి. కొత్త వంతెన కోసం కాంట్రాక్టర్ గిరీష్ డ్రెయిన్‌కు అడ్డంగా మట్టికట్ట వేసి, నీరు పోవడానికి పక్కన తూములు పెట్టాడు. వాటిలో మూడొందల క్యూసెక్కులే పడతాయి. రేపు భారీ వర్షమని కబురు. అంతకు మించి వస్తే ఎగువన నారుమళ్లన్నీ మునుగుతాయి. కట్ట తెంపితే గిరీష్ మూడు వారాల పని నీళ్లపాలవుతుంది. మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి తేల్చమని మచిలీపట్నం నుంచి డ్రెయిన్ల శాఖ డీఈ మోహనకృష్ణ గారు భారమంతా తన కింది ఇంజనీరు, ఏఈ రజని నెత్తిన పెట్టి, చల్లగా ఫోన్ పెట్టేశారు.

రజని రెండు పద్ధతుల్లో లెక్క కట్టింది. మొదటిది మోటు పద్ధతి. కొలతలున్న పక్క డ్రెయిన్‌ను చూసి, విస్తీర్ణాన్ని బట్టి దీనికి వాటా వేయడమే. నాలుగొందల పది వచ్చింది. రెండోది ఎంటెక్‌లో ఆమె రెండేళ్లు తలమునకలైన పద్ధతి. నేల, పంట, చెరువులు, వాన, అన్నీ విడివిడిగా లెక్కిస్తుంది. రెండొందల ఇరవై వచ్చింది. ఒకటి తెంపమంటోంది, ఒకటి వద్దంటోంది. కష్టపడి నేర్చుకున్న చదువు మీద మమకారం ఎక్కడికి పోతుంది? గిరీష్ కూడా ఆ చదువునే తెగ మెచ్చుకున్నాడు, మెచ్చుకోక ఏం చేస్తాడు.

కట్ట ఉండనివ్వవచ్చని సంతకం పెట్టబోతూ, ఎందుకో మనసొప్పక, ముప్పై ఏళ్లుగా ఆ గట్ల మీద కాపలా తిరుగుతున్న లస్కరు పిచ్చేశ్వరరావుకు మ్యాపు చూపించింది. ఈ నీలం మచ్చలేమిటని ఆయన అడిగాడు. రొయ్యల చెరువులని, పడిన వానను కొంత ఆపుకుంటాయని చెప్పింది.

"ఆపుకోవండీ. అవెప్పుడూ నిండుగానే ఉంటాయి. వాన నీళ్లకి ఉప్పు తగ్గితే రొయ్య తట్టుకోదని, పడిన నీళ్లు పడినట్టే పైపులు తీసి డ్రెయిన్‌లోకి వదిలేస్తారు."

రజని వెంటనే లెక్కల కాగితం ముందేసుకుంది. చెరువుల నిల్వ తీసేసి మళ్లీ లెక్క వేస్తే మూడొందల తొంభై వచ్చింది. సాయంత్రానికల్లా పొక్లెయిన్ పెట్టి కట్ట తెంపించింది. గిరీష్ ఆమెతో మాట్లాడటం మానేశాడు.

మూడో రోజు ఉదయం వాన తెరిపిచ్చింది. డ్రెయిన్ గట్టుకు జానెడు కిందుగా పారుతోంది. ఎగువన నారు పచ్చగా, తలలు పైకెత్తుకునే ఉంది. రజని అక్కడే గట్టు మీద కూలబడి, ఎవరు చూస్తారన్న సిగ్గు లేకుండా కళ్లు తుడుచుకుంది.

తేరుకున్నాక ఇద్దరూ కొబ్బరి డొక్క నీళ్లలో వేసి, వంద అడుగులు ఎంతసేపట్లో పోతుందో చూశారు. లోతు, వెడల్పు కలిపి లెక్కిస్తే మూడొందల డెబ్బై తేలింది.

"ఏ పద్ధతి నెగ్గినట్టండీ?" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"మీకు మ్యాపు చూపించకపోతే, ఈ నారంతా నా సంతకంతోనే మునిగేదండీ," అంది రజని.

"చూపించారు కదండీ," అని ఆయన ఇంకోసారి కొలుద్దామంటూ మరో డొక్క వెతకడానికి వెళ్లాడు.