చీలమండ కొలత

మా ఆయనకు పేగు మెలిపడి ఆపరేషన్ చేసిన మూడో రోజున కాళ్ళు లావెక్కాయి. డాక్టర్లు నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయనివ్వని మనిషి లావెక్కడమేమిటని మీరడగొచ్చు. నేనూ అదే అడిగాను. వార్డులో ఇంకెవరికీ అది అడగాల్సిన సంగతిగా తోచలేదు.

నేను దర్జీని. ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని టేపుతోనే చూస్తున్నాను. ఎదుటి మనిషి మొహమైనా మరిచిపోతానేమో గానీ నడుము మరిచిపోను. ఈయన పైజామాలన్నీ కుట్టింది నేనే. చీలమండ దగ్గర తొమ్మిదిన్నర అంగుళాలు, పెళ్ళయిన నాటినుంచీ మారలేదు. సంచిలోంచి టేపు తీసి చుట్టి చూశాను. పదకొండు.

"ఇక్కడ కూడా కొలతలేనా? నలుగురూ నవ్వుతారే," అన్నాడాయన. ఆ కాస్త మాటకే రొప్పు వచ్చేసింది. వీపు కింద రెండు దిండ్లు పెడితే తప్ప పడుకోలేకపోతున్నాడు.

మంచానికి తలవైపు సెలైన్ బాటిలు, పక్కన యూరిన్ బ్యాగు, కాళ్ళవైపు ఒక చార్టు. ఒంట్లోకి ఎంత ద్రవం పోయింది, ఎంత బయటికొచ్చింది అని రాసే కాగితం అది. చూస్తే ముచ్చటేస్తుంది. లోపలికి మూడు లీటర్లు, బయటికి మూడు లీటర్లు. నిన్నా అంతే, మొన్నా అంతే. పక్క మంచం మీది బక్కపలచని ముసలాయనకూ అంతే, ఆ పక్కన మంచానికి పట్టని పహిల్వానుకూ అంతే. నా దుకాణంలో ఇలా అందరికీ ఒకే కొలత కుడితే బట్టలు నా మొహాన కొట్టి పోతారు.

ఆ మంచం పక్కన స్టూలు మీదే మూడు రోజులుగా కూర్చున్నాను కనుక నాకు తెలుసు. బ్యాగు రోజంతా కలిపి సగం నిండుతోంది. ఆయా వచ్చి బకెట్లో వంపుకుని పోతుంది, బ్యాగు మీది గీతలవంక కన్నెత్తి కూడా చూడదు. డ్యూటీ దిగే ముందు సిస్టర్ బల్ల దగ్గర కూర్చుని ముప్పై రెండు చార్టులూ ఒక్క బిగిన రాసేస్తుంది. బాటిలు మాత్రం అయిపోగానే ఇంకోటి తగిలిస్తారు, అందులో క్షణం ఆలస్యం ఉండదు. చూడ్డానికి వచ్చిన మా ఆడపడుచు అది చూసి తెగ సంతోషించింది. "బాగా ఎక్కిస్తున్నారు వదినా, అన్నయ్యకి బలమొస్తుంది," అని చెప్పి వెళ్ళింది. ఆ బలమంతా కాళ్ళలోకి దిగుతోందని ఆవిడకెలా చెప్పను?

పెద్ద డాక్టరు రౌండ్లకు వచ్చారు, వెనకాల ఆరుగురు చిన్న డాక్టర్లతో. ఆయన మా ఆయన మొహం చూడలేదు, చార్టు చూశారు.

"చూశారా, పోయినంతా వచ్చేసింది. చార్టంటే ఇలా ఉండాలి," అన్నారు. ఆరు తలలూ ఊగాయి.

"సార్, కాళ్ళు ఒకటిన్నర అంగుళం పెరిగాయి. ఊపిరాడట్లేదంటున్నారు," అన్నాను.

"ఎవరు కొలిచారు?"

"నేనే సార్. దర్జీని."

"చొక్కా కుట్టించుకునేటప్పుడు కబురు చేస్తాలేమ్మా."

ఆరుగురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"చొక్కా కొలత తప్పితే విప్పి మళ్ళీ కుడతాను సార్. మీ కొలత తప్పితే నేనేం విప్పి కుట్టను?"

వెనక నిలబడ్డ ఒక చిన్న డాక్టరమ్మ ముందుకొచ్చి మా ఆయన కాలి మీద బొటనవేలితో నొక్కి తీసింది. చపాతీ పిండి మీద నొక్కినట్టు గుంట అలాగే ఉండిపోయింది. వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, ఎవర్నీ అడక్కుండానే సెలైన్ ఆపేసింది. "ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది సార్. బరువు చూద్దాం," అంది.

బరువు చూసే మెషీన్ స్టోరు గదిలో ఉంది. తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించడానికి కొన్నారట, వాడితే పాడవుతుందని తాళం వేసి ఉంచారు. ఆ తాళంచెవి దొరికేసరికి ముప్పావుగంట పట్టింది. ఆస్పత్రిలో చేరిన రోజు ఆయన అరవై రెండు కిలోలు. ఇప్పుడు అరవై ఎనిమిది. చార్టు ప్రకారం ఒంట్లో చెంచాడు నీళ్ళు కూడా మిగలకూడదు.

నీరు దిగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రంలోపే బ్యాగు నిండా నిండింది. ఈసారి గీత చూసి నేనే రాసుకున్నాను, నా కొలతల పుస్తకంలో, ఎవరిదో జాకెట్టు కొలత కింద. మర్నాడు పొద్దున్నే ఆయన ఆ దిండ్లు తీసి అవతల పారేయమని నా మీద కసురుకున్నాడు. ఆ కసురు వినగానే నాకు ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తిడితే సంతోషించడం అదే మొదలు.

పెద్ద డాక్టరు ఊరుకునే మనిషి కాదు. ఇకమీదట ప్రతి పేషెంటుకూ రెండు చీలమండలూ రోజూ కొలిచి తీరాలని హుకుం జారీ చేశారు. చార్టులో కొత్త గడి గీయించారు. వార్డుకొక కొత్త టేపు కూడా వచ్చింది. నా మాట వల్లే కదా అని కాస్త గర్వపడ్డాను, ఎందుకు అబద్ధమాడాలి?

రెండు రోజుల తరవాత ఆయన్ను మెల్లగా నడిపించమన్నారు. చెయ్యి పట్టుకుని నడిపిస్తూ దారిలో చార్టులు చూసుకుంటూ పోయాను. మాది కుడి తొమ్మిదిన్నర, ఎడమ తొమ్మిదిన్నర. సరే, నిజమే. ముసలాయనది తొమ్మిదిన్నర, తొమ్మిదిన్నర. పహిల్వానుది తొమ్మిదిన్నర, తొమ్మిదిన్నర. చివరి మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు. షుగరు ముదిరి ముందురోజే ఆయన ఎడమ కాలు మోకాలి దాకా తీసేశారు. దుప్పటి ఆ వైపు చదునుగా పరుచుకుని ఉంది. చార్టు తిప్పి చూశాను. కుడి తొమ్మిదిన్నర. ఎడమ తొమ్మిదిన్నర. వాపు లేదు.

మా ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ చార్టు పట్టుకుని తిన్నగా సిస్టర్ బల్ల దగ్గరికి వెళ్ళాను. దులిపేద్దామనే వెళ్ళాను. ఆ పిల్ల కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. తలెత్తకుండా రాస్తూనే ఉంది.

"నన్నేం చెయ్యమంటావక్కా? ఇన్ని మంచాలకీ నేనొక్కదాన్నే. ఇంజెక్షన్లు ఇవ్వనా, కట్లు మార్చనా, అరవై నాలుగు కాళ్ళు కొలుచుకుంటూ కూర్చోనా?"

"అరవై మూడు," అన్నాను.