తారెక్కిన బండ్లు

ఏసుదానం ఎద్దు కాలు విరిగిన రోజున చోడవరం నుంచి అనకాపల్లి వెళ్లే రోడ్డు మహా నున్నగా ఉంది. కొత్త తారు, ఇంకా వాసన పోలేదు. ఆ తారు మీద కాంట్రాక్టరు గణపతిరావు లారీ బెల్లం వేసుకుని, హారను కొట్టుకుంటూ పోయింది. ఎద్దు మాత్రం రోడ్డు పక్కన గోతిలో పడి ఉంది. అది ఆ రోడ్డు కోసమే మట్టి తవ్విన గొయ్యి. ముందుకాలు మోకాలి కింద వేలాడుతోంది. బండి ఒరిగి బెల్లం దిమ్మలు దుమ్ములో దొర్లాయి. ఏసుదానం ఎద్దు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

దాని వెనక బండి పరదేశిది.

బండివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. వరసలో ఒక బండి ఆగితే వెనకున్నవన్నీ ఆగాలి. ఇరుసు విరిగినా, ఎద్దు పడినా, తోలేవాడికి కడుపునొప్పి వచ్చినా సరే, ఆ బండి కదిలేదాకా దాన్ని దాటి ఎవడూ పోకూడదు. ఏ సర్కారూ అచ్చు వేయని చట్టం అది. తాతల కాలం నుంచి ఎవడూ తప్పలేదు. ఆ రోజు పరదేశి తప్పాడు. మొహం పక్కకు తిప్పుకుని, ఎద్దుల్ని అదిలించి దాటిపోయాడు. అతన్ని చూసి వెనకున్న పద్దెనిమిది బండ్లూ దాటిపోయాయి.

ఎందుకంటే, రోడ్డు మీద మేస్త్రీ సత్యారావు సైకిలు దిగి నిలబడి చూస్తున్నాడు.

సత్యారావుకు పైవాళ్లు ఒక కాగితం ఇచ్చారు. ఇనుప పట్టా చక్రాల బండి తారు ఎక్కకూడదు, పక్కనున్న గోతుల దారినే పోవాలి, అక్కడ కూడా గుంపుగా ఆగకూడదు, తప్పితే రెండు నెలలు కడశీల జప్తు. ఇరుసు కొసన చక్రం జారిపోకుండా గుచ్చే ఇనుప మేకే కడశీల. అది లాగేస్తే బండి నాలుగడుగులు కూడా పోదు. సత్యారావు కాకీ సంచీలో ఎప్పుడూ అరడజను కడశీలలు గలగలమంటూ ఉండేవి. ఆ చప్పుడంటే అతనికి మహా ముచ్చట.

ఆ సాయంత్రం పరదేశి జరిగింది చెప్పాడు. భార్య సన్యాసమ్మ చేట కింద పెట్టింది.

"ఆగనేదా?"

"మేస్త్రి ఉన్నాడే అక్కడ."

"ఉంటే? నిన్ను కొరుకుతాడేటి?"

"కడసీల లాగీసుకుంటే ఏటి సెయ్యమంటావు? రెండు నెల్లు బండి తోల్నేకపోతే ఎడ్లని సంతకి తోలీడవే. తరవాత గణపతిరావు లారీ మీద దిమ్మలెత్తుకోవాల."

"ఏసుదానం ఎద్దు పడితే నువ్వాగనేదు. రేపు నీ ఎద్దు పడితే ఎవుళాగుతారు? ఏ మొకం ఎట్టుకుని ఆగమంటావు?"

పరదేశి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అతనికి కోపం భార్య మీద కాదు. తన పిరికితనం తనకే రోత పుట్టింది.

పొద్దున్నే కుడివైపు కట్టే వలపటి ఎద్దును విప్పి క్రైస్తవుల పేటకు తోలుకెళ్లాడు. అంతవరకు ఆ పేటలో అతను అడుగు పెట్టలేదు. ఏసుదానానికి మిగిలింది ఎడమవైపు కట్టే దాపటి ఎద్దు. దాపట అలవాటైన ఎద్దు వలపట లాగదు. పరదేశి తన ఎద్దును ఏసుదానం గుంజకు కట్టాడు.

"ఇదేటి బాబూ?" అన్నాడు ఏసుదానం.

"నీ బండి కట్టు. నా బండి ఇంటికాడుంటాది. ఇద్దరం దీని మీదే ఎల్దాం. నిన్న ఆగనేదు నాను. సెప్పుతో కొట్టినా పడతాను."

ఏసుదానం కొట్టలేదు, ఓదార్చలేదు. "ముందు గడ్డెయ్యి దానికి," అన్నాడు.

ఆ వారమే బండ్ల మకాం దగ్గర మీటింగు జరిగింది. చోడవరం వాళ్లే కాక చుట్టుపక్కల నుంచి అరవై మంది బండివాళ్లు వచ్చారు. ఏసుదానం కూతురు స్వర్ణకుమారి మిషను బడిలో టీచరు. ఆమె సర్కారు వారి రవాణా పుస్తకం ఎక్కడో సంపాదించి తెచ్చింది. అట్ట మీద విమానం బొమ్మ ఉంది.

"ఇందులో అందరూ ఉన్నారు," అంది ఆమె. "విమానాలు దిగడానికి మైదానాలు వేస్తారట. ఓడలకి రేవులు లోతు చేస్తారట. రైళ్లు పెంచుతారట. లారీలకి పర్మిట్లిస్తారట. ఆఖరికి సైకిళ్లకి కూడా ఒక పేజీ ఉంది, దీపం ఎక్కడ పెట్టాలో బొమ్మేసి చూపించారు."

"బండికో?" అన్నాడెవరో.

"బండికి ఒక్కటే ముక్క. 'ఇనుప చక్రములు రోడ్లను పాడుచేయుచున్నవి గనుక రబ్బరు చక్రములు అమర్చుకొనవలెను.'"

అంతా గొల్లున నవ్వారు. ఒక జత రబ్బరు చక్రాల ఖరీదుకు రెండు జతల ఎడ్లు వస్తాయి. ఈ సంగతి ఆ పుస్తకం రాసిన పెద్దమనుషులకు తెలియదు. వాళ్లు బండిని చూసి ఉంటే కారు అద్దంలోంచి చూసి ఉంటారు, అది దారికి అడ్డం వచ్చినప్పుడు.

ముసలి బంగార్రాజు లేచాడు. "సర్కారుతో పెట్టుకుంటావేట్రా? దండం ఎట్టి అడుగుదాం. గణపతిరావు కొత్త లారీలకి కొబ్బరికాయ కొట్టడానికి మంత్రిగారొస్తన్నారు కదా."

"దండాలు మూడెట్టినావు మావా," అన్నాడు పరదేశి. "అర్జీలు మూడూ ఏ గోతిలో పడ్డాయో? ఒక్క మాట సెప్పండి. ఈ రోడ్డుకి కంకర తోలిందెవుళు? మనం. తారు పీపాలు మోసిందెవుళి బండ్లు? మనవి. రోడ్డేసినన్నాళ్లూ మన సెక్రాలికి ఇనువు నేదేటి? రోడ్డు అయిపోనాకే ఇనువు మొలిసిందేటి?"

గణపతిరావుకు రోడ్డు కాంట్రాక్టు వచ్చిన ఏడాదే లారీల పర్మిట్లు వచ్చాయి. లారీలు వచ్చిన నెలలోనే బండ్ల మీద ఆర్డరు వచ్చింది. దీన్ని అర్థం చేసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. బంగార్రాజు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుని, "అయితే తారెక్కితే ముందు బండెవుళిది?" అని అడిగాడు. మీటింగు అక్కడితో అయిపోయింది.

మంత్రిగారు వచ్చారు. ఊరి చివర పందిరి, మామిడి తోరణాలు, బ్యాండు మేళం, పసుపు రాసిన ఆరు కొత్త లారీలు. గణపతిరావు జరీ కండువా సర్దుకోలేక చస్తున్నాడు. మంత్రిగారు ఆకాశంలో విమానాలు తిప్పారు, సముద్రంలో ఓడలు తేల్చారు, రైళ్లను కూత పెట్టించారు. దేశం పరిగెడుతోందన్నారు. అలా గంటసేపు పరిగెత్తించి, అనకాపల్లిలో మెయిలు రైలు అందుకోవాలని హడావిడిగా కారెక్కారు.

కారు ముందు తారు మీద బండ్లు ఉన్నాయి.

మొదటిది ఏసుదానం బండి. నొగల మీద ఏసుదానం, పక్కన పరదేశి. వెనక యాభై ఏడు బండ్లు, నిండా బెల్లం. ఇనుప పట్టాలు తారు మీద గరగరమంటూ వస్తున్నాయి. పోలీసు ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. బండి ఆగింది.

ఇక్కడే సత్యారావుకు ఉత్సాహం పుట్టింది. మంత్రిగారు చూస్తుండగా డ్యూటీ చేస్తే ప్రమోషను తప్పదనుకున్నాడు. పరిగెత్తుకొచ్చి, ఎవరూ చెప్పకముందే, మొదటి బండి కడశీల లాగి సంచీలో వేసుకున్నాడు. బ్యాండు డప్పుకి ఎద్దులు బెదిరి పక్కకి లాగాయి. చక్రం జారి పడింది. ఇరుసు తారులో దిగబడి, బండి రోడ్డుకు అడ్డంగా కూలబడింది.

ఒక బండి ఆగితే వెనకున్నవన్నీ ఆగాలి. ఆగాయి.

"తియ్యండ్రా పక్కకి!" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు. "ఒరే మేస్త్రీ, ఆ మేకు ఇచ్చెయ్ వాళ్లకి!"

"మాకొద్దు బాబూ," అన్నాడు ఏసుదానం నెమ్మదిగా. "జప్తు సేసినారు. సర్కారు సొమ్ము మేవెలాగ ముట్టుకుంటాం?"

పరదేశి కిందికి దూకి వెనక్కి తిరిగి కేకేశాడు. "ఒరే, మేస్త్రిగారికి సెమెందుకురా? మనవే తీసిద్దాం!"

యాభై ఏడు బండ్ల దగ్గర సుత్తి చప్పుళ్లు మోగాయి. ఒక్కొక్కడూ తన కడశీల తానే ఊడగొట్టుకుని, వచ్చి ఇన్‌స్పెక్టరు బూట్ల ముందు పడేశాడు. బంగార్రాజు దండం పెట్టి మరీ పడేశాడు. ఇక ఆ బండ్లను కదిలించడం ఎవరి తరం? కారు కదల్లేదు. పసుపు రాసుకున్న ఆరు లారీలూ పెళ్లి ఆగిపోయిన పెళ్లికొడుకుల్లా నిలబడిపోయాయి.

మెయిలు టైమైపోతోంది. చివరికి దేశ రవాణా యావత్తూ సత్యారావు సైకిలు మీదికి దిగింది. మంత్రిగారు పంచె ఎగ్గట్టి వెనక క్యారియరు మీద కూర్చున్నారు. తారు మీద దారి లేదు కనుక, సైకిలు బండ్లకని ఖరారు చేసిన గోతుల దారిలోకి దిగింది. మూడో గోతిలో ఇద్దరూ పడ్డారు. నవ్వింది బండివాళ్లు మాత్రమే కాదు. బ్యాండువాళ్లు కూడా నవ్వారు.

నవ్వినందుకు లాఠీలు లేచాయి. బంగార్రాజు తల పగిలింది. ఏసుదానం మీద పడబోయిన దెబ్బకు పరదేశి భుజం అడ్డం పెట్టాడు. ఇరవై ముగ్గురిని చోడవరం లాకప్పులో కుక్కారు. పది మందికి చోటు లేని గది అది. బండ్లను మాత్రం సాయంత్రం దాకా కూలీలను పెట్టి ఈడ్పించాల్సి వచ్చింది.

మూడో రోజు పొద్దున్న ఇన్‌స్పెక్టరు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. తలుపు బయట కుర్చీలో గణపతిరావు గుమస్తా సిరాబుడ్డి పట్టుకుని కూర్చున్నాడు.

"ఇకమీద తారు ఎక్కబోమని వేలిముద్ర వేసి ఇళ్లకి పొండి. మీరు లేకపోతే సర్కారుకి నష్టం లేదు. మీ ఎద్దులే మాడి చస్తాయి."

పరదేశి కాగితం అందుకున్నాడు. అతని మనసు ఇంటి దగ్గర గుంజకున్న ఒంటి ఎద్దు మీదికి పోయింది. గడ్డి అయిపోయి ఉంటుంది. దెబ్బ తిన్న కుడిచెయ్యి పైకి లేవడం లేదు. గదిలో అందరూ అతని వైపే చూస్తున్నారు. ఒకసారి దాటిపోయినవాడు మళ్లీ దాటిపోడన్న నమ్మకం ఏమిటి?

అప్పుడు బయట చప్పుడు వినిపించింది. ఇనుప పట్టాలు తారును నమిలేస్తున్న చప్పుడు. ఒకటి కాదు, పది కాదు. చోడవరం ఎడ్లు, బుచ్చయ్యపేట ఎడ్లు, కె.కోటపాడు నుంచి వచ్చినవి. స్వర్ణకుమారి రెండు రోజులుగా ఊరూరా తిరిగిన సంగతి లోపలున్నవాళ్లకు తెలియదు.

"తోలేవాళ్లు కొందరు ఇక్కడున్నారు, తక్కినవాళ్లు పరారీ కదా," అన్నాడు ఇన్‌స్పెక్టరు తెల్లబోయి. "బయట తోలుతున్నదెవరు?"

ఒక కానిస్టేబులు రొప్పుతూ వచ్చాడు. "ఆడోళ్లండి. వందకి పైనే బండ్లు. ముందు బండి మీదున్నావిడ సన్యాసమ్మంట. ఠాణా ముందు బండ్లాపీసి, కడసీలలు తీసి సేతిలో పట్టుకునున్నారు. ఎవుళికివ్వాలని అడుగుతన్నారండి."

గుమస్తా సిరాబుడ్డికి మూత పెట్టాడు.

"ఒరే పరదేశీ," అన్నాడు ఏసుదానం. ఆ నోట ఆ పిలుపు అదే మొదటిసారి. "కాగితం ఇచ్చీరా."

పరదేశి కాగితాన్ని ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాడు. కాగితం తెచ్చినప్పుడు తీసిన ఊచల తలుపు ఇంకా బార్లా తెరిచి ఉంది. అతను ఎడంచేత్తో దాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"తాళం ఏసుకో బాబూ. మాకు తొందర్నేదు."