ముక్కులో బఠాణీ

చిట్టి వారం రోజులుగా దిండ్లకు కూడికలు నేర్పుతోంది. మంచం మీద వాటిని వరసగా కూర్చోబెట్టి, స్కేలు పట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టేది. గుమ్మంలోంచి బాబాయి తల దూర్చాడు.

"టీచరమ్మా, ఆ మూలనున్న దిండు నిద్రపోతోంది. బెంచీ ఎక్కించు."

"పో బాబాయ్! నాకసలే భయంగా ఉంటే!"

"ఆరేళ్ళ పిల్లలకి భయమేంటే? కరుస్తారా ఏంటి?"

"కరుస్తారు. మొన్న ఒకడు కరిచాడు."

బాబాయి తల వెనక్కి లాక్కున్నాడు.

టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చిట్టిది ఆఖరి ఏడాది. మర్నాడు ఒకటో తరగతి పిల్లలకు ఆమె పాఠం చెబుతుంటే, కాలేజీ మేడమ్ వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేస్తుంది. ఆ పాఠం పోయిందంటే ఏడాది పోయినట్టే. అందుకే పిల్లల చేతికి ఏదైనా ఇచ్చి లెక్క పెట్టిస్తే మేడమ్ మెచ్చుకుంటుందని, తెల్లారగానే వంటింటి డబ్బాలోంచి ఎండు బఠాణీలు సంచీ నిండా పోసుకుని బయల్దేరింది.

పాఠం బాగానే సాగింది. చిట్టి పిల్లలకు తలా కాసిని బఠాణీలు పంచింది. రెండూ రెండూ కలిపితే ఎంతో బల్ల మీద పేర్చమంది. అందరూ పేర్చారు. ముందు బెంచీలో, ఆకారం చూసి అందరూ బుడంకాయ అని పిలిచే బుడతడు మాత్రం దిక్కులు చూస్తున్నాడు.

"టీచర్, వీడు మూడే పెట్టాడు," పక్కనున్న రెండుజడల పిల్ల చాడీ చెప్పింది.

"నాలుగోది ఏదిరా?"

బుడంకాయ వేలెత్తి తన ముక్కు చూపించాడు.

చిట్టి వంగి చూసింది. లోపల, బాగా లోపల, ఆకుపచ్చగా గుండ్రంగా ఏదో ఉంది. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. వెనక మేడమ్ కాగితం తిప్పిన చప్పుడు పిడుగు పడినట్టు వినబడింది. ఇంకాసేపట్లో గంట కొడతారు. అప్పటిదాకా ఈ సంగతి కడుపులో దాచుకుంటే మార్కులు వచ్చేస్తాయి, ఆ తర్వాత ఎవరో ఒకరు చూసుకుంటారు. అంత పాడు ఆలోచన తనకెలా వచ్చిందో చిట్టికే తెలియదు.

అంతలో బుడంకాయ పెదవి వంకర తిరిగింది. వెక్కాడు. వెక్కినప్పుడల్లా గాలి లోపలికి పోతోంది, గాలితోపాటు బఠాణీ కూడా. పైగా తడి తగిలితే బఠాణీ ఎంత ఉబ్బుతుందో చిట్టికి తెలుసు. రాత్రి గిన్నెలో నానబోస్తే తెల్లారేసరికి మూత లేచిపోతుంది.

"మేడమ్," అంది. "పాఠం ఆపేస్తున్నాను. వీడి ముక్కులో బఠాణీ ఇరుక్కుంది."

మేడమ్ బెంచీలోంచి దిగ్గున లేచింది. "వేలు పెట్టకు! లోపలికి పోతుంది. ముందు ఏడుపు ఆపించు. నేను ఆసుపత్రికి బండి చూస్తాను." అంటూనే వరండాలోకి పరుగెత్తింది.

"చీదరా నాన్నా, గట్టిగా చీదు," అంది చిట్టి.

వాడు గట్టిగా ఎగబీల్చాడు.

"అయ్యో, అలా కాదురా!"

ఆ వెధవకి చీదడం రాదు. పుట్టిన దగ్గర్నుంచీ వాడి ముక్కు ఇంకెవరో తుడుస్తున్నారు మరి! ఇప్పుడు నేర్పాలి. చిట్టి చేతిలో ఉన్న కాగితాలు, వారమంతా కూర్చుని రాసుకున్న పాఠం, పరపరా చింపి మిగతా పిల్లల ముందు తలో ముక్క పడేసింది.

"నోరు మూసుకుని, ముక్కుతోనే ఊది, ఈ కాగితం ఎవరు ఎగరగొడతారు?"

ఇక చూడాలి! తరగతంతా బుస్సుబుస్సుమని నాగుపాముల పుట్టయింది. కాగితాలు కొన్నే ఎగిరాయి కానీ, ఎగరకూడనివి చాలా ఎగిరాయి. బుడంకాయ ఏడుపు మానేసి నోరు తెరిచి చూస్తున్నాడు.

"నాకూ కాగితం," అన్నాడు.

చిట్టి వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బఠాణీ లేని ముక్కురంధ్రాన్ని వేలితో నొక్కిపట్టింది. వాడి గుండె కొట్టుకుంటోందో, తన గుండె కొట్టుకుంటోందో తెలియడం లేదు. "నోరు మూయి. ఊదు."

చీమిడి వచ్చింది.

"ఇంకా గట్టిగా, నా బంగారం కదూ!"

ఠప్పున బఠాణీ వచ్చి ఆమె చెంపకు తగిలింది.

"నేను గెలిచానా టీచర్?"

చిట్టి వాణ్ణి వాటేసుకుని నేల మీదే కూలబడింది. గుమ్మంలో మేడమ్, "బండి వచ్చిం..." అని ఆగిపోయింది.

"టీచర్, టీచర్," రెండుజడల పిల్ల భుజం గోకింది. "ఇప్పుడు నాది చూడండి. నేనూ పెట్టుకున్నా!"

వెనక బెంచీలో ఇంకొకడు ముక్కు దగ్గరకి వేలు తీసుకెళుతున్నాడు.

"ముట్టుకోకండి! ఎవరూ ఏమీ ముట్టుకోకండి!" అని చిట్టి అరిచిన అరుపుకి పక్క తరగతిలో కూడా పాఠం ఆగిపోయింది.

మేడమ్ చేతిలో ఉన్న మార్కుల కాగితం బల్ల మీద పడేసి, కొంగు దోపుకుని వచ్చి కూర్చుంది. "ఈ వరస ముక్కులు నేను చూస్తాను. ఆ వరస నువ్వు చూడు. పాఠం ఎల్లుండి మళ్ళీ చెబుదువుగాని. బఠాణీలు తెచ్చావో, చూడు!"

రెండుజడల పిల్ల తల పట్టుకున్న మేడమ్ వేళ్ళు వణుకుతున్నాయి. చిట్టి అటే చూసింది.

"మీకు కూడా భయమా మేడమ్?"

"రోజూ," అంది మేడమ్. "అమ్మా, నోరు మూసుకుని ఊదు."