ఎర్రబడిన నీళ్లు

మొదట శేషగిరి చేతిలో ఉన్నవి ఇవీ: ఢిల్లీ పక్కన వైశాలిలో మూడో అంతస్తు మీద ఒక గది, దాని ముందు పగుళ్లిచ్చిన కాంక్రీటు డాబా, వడియాల కోసం తెచ్చిన మినప్పప్పు బస్తా, నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్న ఇంటావిడ మాట. ఆ మాటను కూడా ఆయన సరుకులోనే జమ వేసుకున్నాడు. ఏం పోతుందో తెలిశాక బేరం ఆడటం తేలిక.

ఢిల్లీ చుట్టుపక్కల గదులకు కరువు లేదు. పొద్దున్నే కడిగి గుడ్డ పరిస్తే రెండ్రోజుల్లో వడియం గలగలలాడే డాబా మాత్రం మళ్లీ దొరకదు. జనక్‌పురి సంసారాలకూ, సివిల్స్ చదివే పిల్లల గదులకూ వెళ్లే వడియాలన్నీ ఆ నేల మీద ఎండినవే.

ఇంటావిడ చాందిని సరిగ్గా ఆ డాబా కింది అంతస్తులో ఉంటుంది. ఆవిడ వంటింటి కప్పు మూలలో చుక్క పడుతోంది. శేషగిరి రోజూ డాబా కడగడం వల్లేనని ఆవిడ తేల్చేసింది. ఖాళీ చేయండి, లేదంటే మీ ఖర్చుతో టైల్స్ వేయించండి అంది.

రెండూ కుదరవన్నాడు శేషగిరి. ఏటా దీపావళికి నేల తెల్లబడాలని తేజాబ్ పోయించేది ఆవిడేనని గుర్తు చేశాడు. ఆ యాసిడ్ మురికితో పాటు సిమెంటునూ తిని, ఇసుకను పైకి తేల్చింది. పగుళ్లు తను పూడుస్తాడు, చుక్క సంగతి కూడా తేలుస్తాడు. పది రోజులు కావాలన్నాడు.

ఉలితో పగుళ్లు వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడిపి, సిమెంటూ ఇసుకా కూరాడు. మర్నాడు డాబా చుట్టూ బంకమట్టితో గట్టు కట్టి నాలుగు వేళ్ల లోతున నీళ్లు నింపాడు. భార్య అనసూయ గుమ్మంలో నిలబడి చూసింది.

"నీళ్లు కారుతున్నాయని వెళ్లగొడుతుంటే మీరు చెరువు కట్టారా?"

"కొత్త సిమెంటు వారం నానాలే. నానుతూ నానుతూ సాక్ష్యం కూడా చెబుతుంది," అని ఆయన కిలో పసుపు తెచ్చి ఆ నీళ్లలో కలిపాడు.

సాయంత్రానికి నీళ్లు ఎర్రబడ్డాయి. పైకొచ్చిన చాందిని రెండడుగులు వెనక్కి వేసింది. మా వైపు పసుపులో సున్నం కలిపి పాదాలకు పారాణి పెడతాం, కొత్త సిమెంటులోనూ ఆ సున్నం గుణమే ఉందని అనసూయ వచ్చీరాని హిందీలో నవ్వుతూ చెప్పింది.

"దీదీ, నా నీళ్లకు నేను రంగేశాను," అన్నాడు శేషగిరి. "మీ కప్పు నుంచి ఒక్క ఎర్ర చుక్క పడితే గ్రైండరు నెత్తిన పెట్టుకుని నేనే దిగిపోతా. తెల్లగా పడితే ఆ నీళ్లు నావి కావు."

చాందిని చుక్క పడేచోట పింగాణీ గిన్నె పెట్టింది. మూడు రోజులూ నీళ్లు తేటగానే పడ్డాయి. కాంక్రీటు రంగును వడగట్టి ఉంటుందని ఆవిడ వాదించింది. ఆ మాట కోసమే కాచుకున్నవాడిలా శేషగిరి ట్యాంకు దగ్గరికి వెళ్లి, ఆవిడ వంటింటికి దిగే పైపు వాల్వు కట్టేశాడు. ఒక్క రోజు బకెట్లతో గడుపుకోమన్నాడు.

మర్నాడు పొద్దుటికి గిన్నె ఎండిపోయి ఉంది. పైన ఎర్రటి నీళ్లు నాలుగు వేళ్ల లోతున అలాగే నిలబడి ఉన్నాయి. కారుతున్నది ఆవిడ గోడలోని పైపే.

చాందిని ప్లంబర్‌ను పిలిపించుకుంది. గోడ పూడ్చాక మెట్ల మీద ఎదురుపడి, ఠీక్ హై భయ్యా, నా ఖర్చుతోనే టైల్స్ వేయిస్తానంది.

"కాలు జారే నేల నాకెందుకు దీదీ? ఇది వేడిని పట్టుకుంటుంది, వడియాన్ని ఎండబెడుతుంది. మీరు ఇవ్వదలిస్తే ఆ తేజాబ్ డబ్బా ఇవ్వండి. ఇకమీదట ఈ డాబాకు సబ్బునీళ్లూ చీపురే."

ఆవిడ లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి ఇచ్చింది.

లెక్క చూసుకుంటే పోయింది కిలో పసుపు, పది రోజుల ఎండ. అంటిన ఎరుపు కూడా వారం ఎండకు వెలిసిపోయింది. మిగిలింది పగుల్లేని డాబా, మూత బిగించిన తేజాబ్ డబ్బా, అడిగేవాళ్లు లేకుండా రోజూ నేల కడుక్కునే హక్కు.