సోమారం తెల్లారి

సోమమ్మ నోట మంగళవారం అన్న మాట వచ్చి పదిహేనేళ్లయింది. పెనిమిటి పేరు మంగయ్య కావడమే అందుకు కారణం. పెళ్లయిన కొత్తలో ఒకనాడు జొన్నలు విసురుతూ, "అత్తమ్మా, మంగళారం సంతకు పోదమా" అని అడిగింది. అత్త సాలమ్మ తిరుగుతున్న విసుర్రాయిని గట్టిగా పట్టుకుని ఆపేసింది. "మొగని పేరు నోట్లెకు తెస్తవా? వాని ఆయుస్సు తగ్గుతది" అంది. ఆనాటి నుంచి సోమమ్మకు మంగళవారం "సోమారం తెల్లారి" అయింది. మంగలి "గడ్డాలు గీసేటాయన" అయ్యాడు. పేలాలు వేయించే మంగలం ఉత్త "పేలాల కుండ" అయింది. మంగయ్య మాత్రం రోజుకు నలభైసార్లు సోమమ్మా, సోమమ్మా అని పిలుస్తూనే ఉన్నాడు. తన ఆయుస్సు సంగతి ఇంట్లో ఎవరికీ పట్టినట్టు లేదని ఆమెకు అప్పుడప్పుడు అనిపించేది.

ఆ ఏడు సూర్యాపేటలో పండుగలకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. రజాకార్ల భయానికి అంతకుముందు రెండేళ్లు గొల్లవాడలో డోలు మోగింది లేదు, పది మంది ఒకచోట చేరింది లేదు. నిజాం రాజ్యం పోయాక వచ్చిన మొదటి ఉగాదికి వాడ పెద్దలు కూర్చుని, ఇక ఒక్క పండుగనూ వదలొద్దని తీర్మానం చేశారు. ఉత్సవాలన్నిటికీ మంగయ్యను పెద్దగా నిలబెట్టారు. మంగయ్య కొత్త తలపాగా చుట్టి, "నేనున్న గద, మీకేం ఫికర్" అన్నాడు. వాళ్ల ఫికరంతా తిన్నగా సోమమ్మ వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

ఉగాదికి వాడకంతా పచ్చడి కలిపింది కానీ, పంచాంగంలో తన రాశికేం చెప్పారో వినలేదు. బోనాల నాడు ఊరేగింపు ఇంటిముందు నుంచి పోతుంటే ఆమె చుట్టాల కూరలో ఉప్పు చూస్తోంది. బతుకమ్మను నడుమెత్తు పేర్చింది. ఆడబోతే మూడో చుట్టులోనే "సోమమ్మా, వాడపల్లోళ్లు వచ్చిండ్రు, కాళ్లకు నీళ్లియ్యి" అని కేక. పీర్ల పండుగకు బిందెల కొద్దీ బెల్లం పానకం చేసింది, పీర్లు ఎటు పోయాయో తెలియదు. పండుగంటే గోడ అవతలి చప్పుడు, గోడ ఇవతలి పొగ. "మీ ఆడోళ్లకేంది, ఇంట్లనే పండుగ" అని మంగయ్య నలుగురిలో నవ్వేవాడు. నలుగురూ నవ్వేవాళ్లు. పొగకు కళ్లు మండుతున్నాయో, ఆ నవ్వుకు మండుతున్నాయో సోమమ్మకు తెలిసేది కాదు.

అన్నీ ఒక ఎత్తు, మల్లన్న కథ ఒక ఎత్తు. ఒగ్గువాళ్లు డోలు కొట్టి, తాళాలు వేసి ఆ కథ చెబుతుంటే ఆమెకు ఒళ్లు తెలిసేది కాదు. కానీ పదిహేనేళ్లుగా సగమే విన్నది. మల్లన్న గొల్లపిల్లను మనువాడి వెంటబెట్టుకుని ఇంటికొస్తాడు. గుమ్మంలో పెద్ద భార్య నిలబడి ఉంటుంది. ఆమె నోరు తెరుస్తుంది. సరిగ్గా అప్పుడే మంగయ్య కూడా నోరు తెరుస్తాడు, "సోమమ్మా, మజ్జిగ." మజ్జిగ తెచ్చేసరికి కథ ఎక్కడో అడవిలో ఉంటుంది. ఇంతకూ ఆ తల్లి ఏమన్నది? ఎసట్లో గరిటె పెట్టి మరీ ఆలోచించేది సోమమ్మ. ఈసారి మాత్రం ఏమైనా సరే చివరిదాకా వినాలని మొక్కుకుంది.

మల్లన్న పండుగ మంగళవారానికి కుదిరింది. మిర్యాలగూడ, కోదాడ పెద్దలను పిలుచుకురావడానికి పోతూ మంగయ్య, "ఒగ్గోళ్లకు నువ్వే జెప్పు, మంగళారం పొద్దుగాల రమ్మను" అన్నాడు. తుంగతుర్తి నుంచి సంతకు వచ్చిన ఒగ్గు ఈదయ్యకు సోమమ్మ చెప్పింది, "సోమారం తెల్లారి రాండ్రి." ఈదయ్య గట్లనే అన్నాడు.

సోమవారం కోడికూతకు ఆమె వాకిట్లో పేడనీళ్లు చల్లుతుంటే డోలు వినిపించింది. ఎదురుగా ఈదయ్య, వెనుక నలుగురు.

"గిదేంది, ఇయ్యాల వచ్చిండ్రు?"

"సోమారం తెల్లారి అంటివి గదమ్మా. సోమారమే, తెల్లారింది."

"ఆ తెల్లారి గాదు. దాని తెల్లారి."

"అంటే బుధారమా?"

"బుధారం ముందుది."

"జర వారం పేరు జెప్పరాదు?"

"చెప్పరాదు."

పక్కింటి సైదమ్మ పడీపడీ నవ్వి, "మంగళారం అయ్యా. అది ఆమె మొగని వారం" అంది.

ఈదయ్య తల పట్టుకున్నాడు. మంగళవారం వాళ్లకు వాడపల్లిలో కథ ఉంది. ఇవాళ చెప్పాలి, లేకపోతే వచ్చే నెల.

సోమమ్మకు ముందు రేపటి సంగతి తలపుకొచ్చింది. మంగయ్య వాడంతా వినేలా అరుస్తాడు. తర్వాత వెనక్కి తిరిగి చూసింది. పొయ్యి వెలగలేదు. చుట్టాలు లేరు. అత్త ఆడబిడ్డ ఇంటికి పోయింది, రేపు గానీ రాదు. మజ్జిగ అడిగే నోరు కోదాడలో ఉంది. "చెప్పుండ్రి" అని పేడచేతులు కడుక్కుని ముందు వరసలో కూర్చుంది. వాడలోని ఆడవాళ్లంతా వచ్చారు. గుమ్మంలో నిలబడ్డ పెద్ద భార్య ఒక్క మాటతో ఆగలేదు, జాముసేపు మాట్లాడింది. "పెండ్లి నీది, సంబురం నీది, సుట్టాలు నీ వాళ్లు. వండుడు కూడ నీదే" అంటూ మొదలుపెట్టి మల్లన్నను కాలు లోపల పెట్టనివ్వలేదు. సోమమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది, ఆ తర్వాత ఉత్తినే ఏడ్చింది.

మంగళవారం మధ్యాహ్నం పెద్దలతో దిగిన మంగయ్య, "ఒగ్గోళ్లేరి?" అన్నాడు.

"నిన్ననే కథ చెప్పిపోయిండ్రు. అయిపోయింది."

"నేను ఏ వారం జెప్పిన?"

"నువ్వు జెప్పిన వారమే నేను జెప్పిన."

"ఏ వారమో నోరు తెరిసి జెప్పు మరి."

"దానితోని జెప్పియ్యకు బిడ్డా, నీ ఆయుస్సు" అని అప్పుడే బండి దిగిన సాలమ్మ అడ్డుపడింది.

కోదాడ పెద్దమనిషి లక్ష్మయ్య విసుక్కున్నాడు. "కథ లేకుండా మల్లన్న పండుగేంటయ్యా? ఇంతదూరం వచ్చాం. ఇక్కడ ఎవరికైనా కథ వచ్చా?"

"సోమమ్మకు వచ్చు. నిన్న రాత్రిదాకా మాకు మళ్లీ జెప్పింది" అంది సైదమ్మ.

పరువు పోయేకంటే ఇదే నయమని మంగయ్య తలూపాడు. సోమమ్మ కొంగు నడుముకు చుట్టి, కథ చెప్పేవాళ్లు కూర్చునే గొంగడి మీద కూర్చుంది. మగవాళ్ల ఎదుట అలా కూర్చోవడం అదే మొదలు. అయినా లేవాలనిపించలేదు.

"ముందు పద్ధతి ఉందమ్మా" అన్నాడు లక్ష్మయ్య. "కథ ఎవరింట్లో చెబుతున్నావో ఆ ఇంటివాళ్ల పేరు చెప్పి ఎత్తుకోవాలి."

మంగయ్య అలవాటు కొద్దీ తలపాగా సర్దుకున్నాడు. సగంలో చేయి ఆగింది. సాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెనిమిటి పేరు చెప్పమనే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు, చెప్పకుండా కథ ఎత్తుకోమనే ధైర్యం అంతకన్నా లేదు. అందరూ సోమమ్మ వైపు చూశారు. ఆమె ఒకసారి ఇంటిని చూసుకుంది, గొంతు సవరించుకుంది.

"ఇది సోమమ్మ ఇల్లు. సోమమ్మ జెప్తది, ఇనుండ్రి."