పదకొండు రాగి నాణేలు

వికారాబాద్‌లో కొత్తగా చేరిన ఇంటి హాలులో చాంద్‌పాషా సుద్దముక్కతో నేలమీద గీత గీశాడు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఉప్పునీటి అక్వేరియం అక్కడ రావాలి. కిటికీ ఎండ దానిమీద పడకూడదు. మూడువందల లీటర్ల బరువు కింద నేల తప్ప ఇంకొకరి కప్పు ఉండకూడదు. అందుకే ఆయన పట్టుబట్టి కింది అంతస్తు ఇల్లే వెతుక్కున్నాడు.

తాండూరు కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పిన మనిషి. నోటుబుక్కులో ప్లాను శుభ్రంగా రాసుకున్నాడు. ఇనుప స్టాండు, గాజు తొట్టి, పంపులు, వడపోసిన నీళ్లు, సముద్రపు ఉప్పు, రాళ్లు. అన్నిటికన్నా కింద, కూతురు కైనాత్ కంటపడకూడదని సన్నగా రాసుకున్న రెండు మాటలు: “కొత్తిమీరను తెచ్చుకోవాలి. ఆ తర్వాత మైలుతుత్తం.”

కొత్తిమీర అంటే ఒక పగడం. ఆకుపచ్చ కొసలతో కట్టలాగా ఊగుతుంటుందని ఆయన భార్య గౌసియాబీ దానికి ఆ పేరు పెట్టింది. ఆమె పోయి నాలుగేళ్లయినా తాండూరు ఇంటి పైవాటాలో ఆ పగడం పెరుగుతూనే వచ్చింది. వాళ్లు అద్దెకున్న ఆ ఇల్లు పరమేశ్‌ది. నాపరాళ్ల వ్యాపారం చేస్తాడు. పైవాటాను తన ఆఫీసు చేసుకోవాలని అతని ఆశ. ఉప్పునీళ్లకు స్లాబు కుంగుతుందని, తొట్టి తీసెయ్యమని రెండుసార్లు అడిగాడు. చాంద్‌పాషా తియ్యలేదు.

మొన్న మే నెలలో ఆయన కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ వెళ్లి, కంటికి కట్టుతో తిరిగి వచ్చేసరికి తొట్టిలో నీళ్లు కుడితిలా ఉన్నాయి. చేపలు తేలిపోయాయి. పగడాలు తెల్లటి ఎముకలై మిగిలాయి. “ఫేజు పోయింది సార్, లైన్‌మన్ రాలె, నేనేం జేస్త” అన్నాడు పరమేశ్. కానీ లైట్లకు పెట్టిన టైమర్, కరెంటు ఉంటేనే తిరిగే చిన్న చక్రం, పదకొండు గంటలు వెనకబడి ఉంది. కింద అదే ఫేజు మీదున్న, పరమేశ్ తల్లి బుగ్గమ్మ ఫ్రిజ్‌లో ఐసు మాత్రం కరగలేదు. పైవాటా ఫ్యూజు ఒక్కటే పీకారు, పదకొండు గంటల తర్వాత మళ్లీ పెట్టారు. ఇది చెప్పడానికి జువాలజీ చదవనక్కర్లేదు.

ఒక్క కొత్తిమీర మాత్రం బతికింది. ఆ రోజు వాసన చూసి మెట్లెక్కిన బుగ్గమ్మ, దాన్ని ఉప్పునీళ్లతో సహా స్టీలు చెంబులో వేసుకుని పక్క వీధిలో ఉన్న కొడుకు షోరూముకు నడిచింది. అక్కడి ఉప్పునీటి తొట్టిని రెండేళ్ల కిందట చాంద్‌పాషాయే పెట్టి ఇచ్చాడు.

ఆయన ఎవరిమీదా గొంతు పెంచి ఎరగడు. కోపం దాలిలో నిప్పులా లోపలే ఉండిపోయింది. ఇల్లు మారేముందు ఎరువుల దుకాణంలో వందగ్రాముల మైలుతుత్తం కొన్నాడు. తెగుళ్లకు కొట్టే ఆ నీలం పలుకుల్లో ఉన్నది రాగి. ఒక్క చెంచా చాలు, షోరూము తొట్టిలో పగడమన్నది మిగలదు. గౌసియా చేతి తోటలాంటి తొట్టిని వాడు చంపాడు, వాడి ముచ్చటను తను చంపుతాడు. అంతే లెక్క.

కొత్త తొట్టి వెంటనే ప్రాణులకు పనికిరాదు. పాలు తోడుకున్నట్టు నీళ్లు కూడా తోడుకోవాలి, దానికి ఇప్పటికే నడుస్తున్న తొట్టిలోని రాయి ఒకటి వెయ్యాలి. ఆ రాయి కోసం చాంద్‌పాషా తాండూరులో పరమేశ్ షోరూముకు వెళ్లాడు.

“పెరుగు తోడుకు గిన్నె వట్టుకొచ్చినట్టు వచ్చినవా సారూ!” అని బుగ్గమ్మ నవ్వింది. చెయ్యి భుజందాకా ముంచి మంచి రాయి ఏరి ఇచ్చింది.

అప్పుడే పరమేశ్ వచ్చాడు. “సర్, మంచి టైముకొచ్చిండ్రు. సిద్ధాంతి ఈశాన్యంల ఉన్న గీ నీళ్లల్ల పదకొండు రాగి నాణేలు ఎయ్యమన్నడు, మస్తు కలిసొస్తదంట. శుక్రవారం ఎద్దామనుకుంటున్న. చేపలకు ఏం గాదు గద?”

చాంద్‌పాషా గుండె ఒక్కసారి ఎగిరింది. తను చెయ్యి ముంచనక్కర్లేదు. వాడి చేత్తో వాడే, పసుపు కుంకుమ పెట్టి మరీ! ‘ఏసుకో’ అన్న మాట పెదవుల దాకా వచ్చింది. అంతలో గాజు వెనక కొత్తిమీర మెల్లగా ఊగింది. కొత్త నీళ్లు తోడుకోవడానికి నలభై రోజులు పడుతుంది. అందాకా దానికి ఈ శత్రువు తొట్టి తప్ప ఇల్లు లేదు.

“శుక్రవారం వద్దు” అన్నాడు. “నీళ్లల్ల ఏదేసినా మండలం ఆగి ఎయ్యాలె. నలభై రోజులు పోనీ. నేనే వచ్చి చెప్త.”

“మీ దాంట్ల గూడ మండలం చూస్తరా సార్?”

“మేం చాలీస్వా అంటం. లెక్క ఒక్కటే.”

చాలీస్వా చనిపోయినవాళ్లకు చేసేదని పరమేశ్‌కు తెలియదు. దండం పెట్టి పంపించాడు.

ఆ నలభై రోజులూ చాంద్‌పాషా పొద్దున్నే లేచి నీళ్లు పరీక్షించాడు. చిన్న గాజు గొట్టంలో చుక్కలు వేస్తే మొదట ముదురాకుపచ్చ, పది రోజులకు లేతాకుపచ్చ, నెల దాటాక, విషం విరిగిన గుర్తుగా నిమ్మకాయ రంగు. నాణేలు ఉండగా మైలుతుత్తం అక్కర్లేకుండా పోయింది. పక్కింటివాళ్ల టమాటా చెట్లకు ఇచ్చేశాడు.

“ఏంది అబ్బా, ఎన్నడు లేంది నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్?” అని అడిగింది కైనాత్.

“నీళ్లు తోడుకుంటున్నయ్ బిడ్డా.”

నలభై ఒకటో రోజు థర్మాకోల్ డబ్బా పట్టుకుని తాండూరు రైలెక్కాడు. సంచిలో ఆ పాత టైమర్ కూడా ఉంది. ఎందుకు పెట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

షోరూములో బుగ్గమ్మ తొట్టి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. గాజుకు ఒక బొట్టుబిళ్ల అంటించి ఉంది.

“అదేంది బుగ్గమ్మా?”

“నీళ్లు గీ బొట్టు కిందికి దిగితె మంచినీళ్లు పోయాలె. నువ్వే చెప్తివి గద, ఉప్పు ఆవిరి కాదు, ఉప్పునీళ్లు పోయొద్దని. నాకు గీత కానరాదు, బొట్టయితె కానొస్తది.” ఆమె కొత్తిమీరను చూసింది. “గౌసియమ్మను తీస్కపోతున్నవా? పోనీ, మొగని ఇంటికి పోవాలె గద. జరంత ఇడ్సిపెట్టు సారూ. పొద్దంత గీడ దానితోటే ముచ్చట పెడుత.”

చాంద్‌పాషా మొక్కకు అంటు తీసినట్టు కొత్తిమీరను రెండుగా కోశాడు. ఒకటి డబ్బాలో పెట్టుకున్నాడు. రెండోది ఉన్నచోటే రాతిసందులో నిలబెట్టాడు.

పరమేశ్ ఇత్తడి పళ్లెంతో వచ్చాడు. తమలపాకు మీద పదకొండు నాణేలు, ఒక్కొక్కదానికీ కుంకుమ. రాళ్లు చూడ్డానికి వచ్చిన ఇద్దరు బేరగాళ్లు పక్కకు జరిగారు.

“మండలం అయింది సర్. ఏద్దునా?”

చాంద్‌పాషా నాణేలను లెక్కపెట్టాడు. గంటకొకటి. ఒక్క మాట చాలు. ఆయన చూపు బొట్టుబిళ్ల దగ్గర ఆగిపోయింది.

“ఎయ్యకు. రాగి పడితె రెండు రోజులల్ల గీ పగడాలన్ని సస్తయ్.”

“మరి ఆ రోజే చెప్పలేదేంది?”

“ఆ రోజు గవి సావాలనే ఉండె నాకు.” సంచిలోంచి టైమర్ తీసి పళ్లెంలో, నాణేల పక్కన పెట్టాడు. గొంతు పెంచలేదు. “ఇది పదకొండు గంటలు ఎన్కకు వడ్డది. నువ్వు నా ఫ్యూజు పీకిననాడు గన్ని గంటలు ఆగింది. అది చూసినంక మళ్ల నేను ప్లగ్గుల పెట్టలె.”

“సర్, అది... లైన్‌మన్...”

“కింద మీ అమ్మ ఫ్రిజ్‌ల ఐసు కరగలె పరమేశ్.”

బేరగాళ్లు రాతిపలకల మీద చేతులు అలాగే ఉంచి చూస్తున్నారు. బుగ్గమ్మ కుర్చీలోంచి లేచింది.

“ఫేజు పోయిందంటివి గదరా. నేను మెట్లెక్కి పోయి, సచ్చిన చేపల్ని చూసొచ్చి నీకు చెప్తి. లైన్‌మన్ వస్తుండు, నువ్వు పోయి పండుకో అంటివి.” పరమేశ్ పళ్లెంలోని టైమర్ వైపు చూశాడు. “నీకు టైఫాయిడ్ వస్తె గా గౌసియమ్మ పాలల్ల రొట్టె నానేసి తినిపిచ్చిందిరా.”

ఆమె నాణేలు తీసి కొంగున ముడేసుకుంది. పళ్లెం కొడుకు చేతుల్లోనే వదిలేసింది, టైమర్‌తో సహా.

“బయట నిలబడు” అంది.

పరమేశ్ బేరగాళ్ల ముందునుంచి నడిచి, తన షోరూము బయట, తను అమ్మే నాపరాళ్ల పక్కన ఎండలో నిలబడ్డాడు.

తియ్యగా లేదంటే అబద్ధం. ఇన్ని నెలలు చాంద్‌పాషా కోరుకున్న ముఖం సరిగ్గా అదే. బుగ్గమ్మ ముఖం వైపు మాత్రం చూడలేక డబ్బా ఎత్తుకున్నాడు.

ఇంటికి వచ్చి, సన్నటి గొట్టంతో కొత్త నీళ్లు చుక్కచుక్కగా డబ్బాలోకి వదిలాడు. గంట తర్వాత కొత్తిమీరను దాని రాతిమీద నిలబెట్టాడు. అది ముడుచుకునే ఉంది. ఫోను మోగింది.

“సారూ, తెర్సుకున్నదా?”

“ఇంకా లేదు బుగ్గమ్మా. టైము వడ్తది.”

“గీడది తెర్సుకున్నది. మంచిగ ఊగుతున్నది.”

ఆయన గొట్టం చుట్టి పక్కన పెట్టాడు. “పరమేశ్?”

“ఇంకా బయటనే ఉన్నడు.”

లోపలికి పిలవమ్మా అనాలి. ఆ మాట ఆయన గొంతుదాకా వచ్చింది. చేత్తో గాజుమీది నీటిచుక్క తుడిచాడు.

“ఇంకొంచెం సేపు ఉండనీ” అన్నాడు.