మూత తీసేముందు

శీలావతి చేపల వరస మీద ఐసు పొడి పోసి, అరచేత్తో సర్ది, షారోన్ ఇంకో వరసకు చెయ్యి చాచింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. చల్లదనానికి వేళ్ళ చివర్లు పాలిపోయి ముడతలు పడ్డాయి. కొల్లేటికోట దగ్గర ఈ ప్యాకింగు షెడ్డులో చేరి మూడేళ్ళయింది. ఐసు మర ఎంత రొద చేసినా ఆమెకు పట్టదు. ఇక్కడ ట్రేలూ పెట్టెలూ అన్నీ ప్లాస్టిక్. అందుకే ఈ పని నచ్చింది. అంతకుముందు ఏలూరులో ఒక టిఫిన్ హోటల్లో చేరి, రెండో రోజే గిన్నెలు కడిగే చోటు నుంచి వట్టికాళ్ళతో పారిపోయి వచ్చింది. ఎందుకో తనను పెంచిన అమ్మమ్మకు కూడా చెప్పలేదు.

పక్కన పనిచేసే పాపమ్మకు అరవై దాటాయి. మోకాళ్ళు సహకరించక అత్తిలిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇవాళే ఆఖరు.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నారు. పాపమ్మ రోజూలాగే క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని, "మూత తీస్తున్నానమ్మా," అంది. మూడేళ్ళుగా ఇదే మాట. ఎందుకని షారోన్ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అంతలో కొత్తగా చేరిన సువర్ణ చేతిలోంచి స్టీలు క్యారియర్ జారింది. సిమెంటు నేల మీద గిన్నెలు దొర్లాయి.

షారోన్‌కి తెలివొచ్చేసరికి పెట్టెల వెనక ముడుచుకుని, రెండు చెవులూ మూసుకుని ఉంది. ముద్ద ఇంకా నోట్లోనే ఉంది.

"ఫిట్సేమో, తాళాలు తెండి!" అంటున్నాడు సూపర్‌వైజర్ కనకరాజు.

"తాళాలొద్దండి. మీరు కాస్త అవతలికెళ్ళండి," అంది పాపమ్మ. మూలుగుతూ తడినేల మీదే చతికిలబడింది. షారోన్‌ని ముట్టుకోలేదు. ఆ పిల్ల నోట్లో ముద్ద మింగేదాకా అలాగే కూర్చుంది.

"మా నాన్న గిన్నెలు విసిరేవాడు మామ్మా," అంది షారోన్ చివరికి. "అమ్మ నన్ను మంచం కిందికి తోసేసేది. చప్పుడైనప్పుడల్లా ఎక్కడ తగిలిందో అనుకునేదాన్ని. నాలుగేళ్ళండి నాకప్పుడు. అమ్మ పోయాక అందరూ అన్నారు, పసిపిల్ల, దానికేం గుర్తుంటుందని."

"గుర్తుంటదమ్మా. నువ్వు చేరిన రోజే చూశాను. నేను గ్లాసు కింద పెడితే వణికిపోయావు."

"నాకు పిచ్చా మామ్మా?"

"ఛ, ఊరుకో తల్లీ. పెద్ద దెబ్బ తగిలింది నీకు. ఎవరూ చూపించలేదంతే. మా మనవరాలు పింకీ ఏలూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ దగ్గరికి ఏడాది తిరిగింది. కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఇప్పుడు హాయిగా నిద్దరోతోంది."

"ఒక్కదాన్నే వెళ్ళలేనండి."

"సోమవారం తొమ్మిదింటికి ఆసుపత్రి గేటు దగ్గర నేనుంటాను. అత్తిలి నుంచి బస్సులేవా ఏంటి?"

సాయంత్రం ఆటో వచ్చింది. పాపమ్మ రెండు చేతులతో ఊచ పట్టుకుని, నెమ్మదిగా ఎక్కి, "తొమ్మిదింటికి," అని వేలు చూపించింది. చెరువుగట్టు మలుపులో ఆటో కనుమరుగయ్యేదాకా షారోన్ నిలబడింది. తరవాత తిన్నగా కనకరాజు దగ్గరికి వెళ్ళింది.

"సోమవారం సెలవు కావాలండి. డాక్టరుగారికి చూపించుకోవాలి."

"ఏమైంది?"

"దెబ్బ తగిలిందండి. చిన్నప్పుడు."

కనకరాజు ఆమె చేతుల వంకా కాళ్ళ వంకా చూశాడు. ఏమీ కనిపించక, "సరేలే, వెళ్ళిరా," అన్నాడు.

షారోన్ తన చోటికి తిరిగొచ్చింది. పెట్టెల పక్కన పాపమ్మ కూర్చునే ప్లాస్టిక్ స్టూలు అలాగే ఉంది, మెత్తదనానికి నాలుగు మడతలు వేసి పరిచిన గోనెసంచితో సహా.